ముఖం చూపించండి

"ఆ డ్రిల్లు ఒక్క నిమిషం ఆపండి," అంది చిన్నకోడలు.

మేస్త్రీ ఆపలేదు. వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో. గుమ్మం పక్క గోడలోంచి ఎర్రటి ఇటుక పొడి సన్నటి ధారగా రాలి, కింద పరిచిన పాత పేపరు మీద కుప్ప పడుతోంది.

ఆమె వెళ్ళి ప్లగ్గు లాగేసింది.

డ్రిల్లు మూలిగి ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త, దాని మొదటి మెట్టు మీద ఏదో రాసి ఉన్నట్టు తదేకంగా అటే చూడటం మొదలుపెట్టాడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు బావగారు. కోపంగా అనలేదు. ఆయన ఎప్పుడూ కోపంగా అనరు. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనిషి. అవతలివాళ్ళు అలిసిపోయేదాకా మెల్లగా మాట్లాడటం ఆయనకు అలవాటు.

"ముందు ఇది ఎవరిని చూస్తుందో, ఎవరికి చూపిస్తుందో చెప్పండి బావగారూ. బెజ్జాలు తరవాత పెట్టుకోవచ్చు."

ఆ ప్రశ్న తనకే అనుకుని మేస్త్రీ హుషారుగా నిచ్చెన దిగాడు. "సింపుల్ అమ్మా. బయట ఈ పెట్టె. దీనికో కన్ను, ఓ బొత్తాం. వచ్చినవాళ్ళు బొత్తాం నొక్కితే కన్ను తెరుచుకుంటుంది. హాల్లో ఉన్న తెర మీద మనిషి కనిపిస్తాడు. సారు ఆఫీసులో ఉన్నా ఫోన్లో కనిపిస్తాడు. ఇక్కడినుంచైనా మాట్లాడొచ్చు, అక్కడినుంచైనా మాట్లాడొచ్చు. మంచివాడనుకుంటే నొక్కండి, గడియ టక్కున ఊడుతుంది. కాదనుకుంటే వదిలెయ్యండి, నిలబడి నిలబడి వాడే పోతాడు."

"బొమ్మ ఎన్నాళ్ళుంటుంది అందులో?"

"ముప్ఫై రోజులు. తరవాత దానంతటదే చెరిగిపోతుంది." మేస్త్రీ గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ పెట్టానమ్మా, మా ఆవిడ పోరితే. ఇప్పుడు నేను ఏ పూట ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వచ్చానో నాకు గుర్తుండదు గానీ ఆవిడ అప్పజెప్తుంది. నా చేత్తో నేనే బిగించుకున్నాను."

చిన్నకోడలు హాల్లో తెర వైపు చూసింది.

"తెర ఇంకోటి నా గదిలో పెట్టొచ్చా?" అంది ఆమె.

"ఎందుకు పెట్టకూడదు? ఇదే తీగ వెనక గదిదాకా లాగితే సరి."

"అక్కర్లేదు," అన్నారు బావగారు. "ఇంటికి ఒక గుమ్మం. ఒక తెర చాలు."

"పోనీ నా ఫోన్లోనైనా..."

"చూసేవాళ్ళు ఎక్కువైతే ఎవరూ చూడరమ్మా. నేను చూస్తాను."

పది రోజుల కిందట, మీటరు చూడటానికి వచ్చానని ఒకడు లోపలికొచ్చి అత్తగారి మెడలో గొలుసు తెంపుకుపోయాడు. ఆవిడ వెనక్కి పడితే ముంజేయి విరిగింది. ఆ వేళ వీధి తలుపు గడియ వేసి లేదు. చిన్నకోడలి దగ్గరికి వచ్చిన ఒకావిడ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఈ పది రోజుల్లో ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఎవరైనా అనుంటే తను ఎదురు మాట చెప్పేది. అనకపోవడమే రంపపుకోతగా ఉంది.

వీధిలో చిన్నకోడలిని జడలమ్మ అంటారు. వెనక గదిలో కూర్చుని విగ్గులు కుడుతుంది. పెద్ద జబ్బులకు మందులు వాడి జుట్టంతా పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు విని వస్తారు. తలకు గుడ్డ చుట్టుకుని, సగం ముఖం కప్పుకుని, వీధిలో ఎవరూ లేకుండా చూసుకుని లోపలికి దూరతారు. అద్దం ముందు కూర్చున్నాక గానీ గుడ్డ విప్పరు. కొందరు విప్పాక కూడా కళ్ళు తెరవరు.

"బావగారూ, నా దగ్గరికొచ్చేవాళ్ళు ముఖం కప్పుకుని వస్తారు. ఎవరూ చూడరన్న నమ్మకంతోనే వస్తారు."

"ముఖం కప్పుకుని వచ్చేవాళ్ళంటేనే కదమ్మా మనకి భయం?"

"గొలుసు తెంపినవాడు ముఖం కప్పుకోలేదు. శుభ్రంగా ముఖం చూపించి, అత్తయ్యతో కుశల ప్రశ్నలు వేసి, మంచినీళ్ళు తాగి మరీ తెంపాడు."

హాల్లో మంచం మీద, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్న అత్తగారు ఆ మాటకు అటు తిరిగి పడుకుంది.

బావగారు వంగి ప్లగ్గు తీసి, తన చేత్తో తనే పెట్టారు. "కానివ్వండి మేస్త్రీ."

ఆమె భర్త వైపు చూసింది. అతను నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

* * *

మంగళవారం నాలుగింటికి టీచరుగారు రావాలి.

రెండు వీధుల అవతల బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్న మనిషి. ఏడు నెలల సెలవు తరవాత వచ్చే సోమవారం మళ్ళీ క్లాసులోకి అడుగుపెట్టాలి. ఆవిడ పాత ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకుని, అదే పాపిడి, చెవి దగ్గర అదే వంపు వచ్చేలా జడలమ్మ ఆరు వారాలుగా కుడుతోంది. సన్నటి వల టోపీ, కొక్కెం సూది, ఒక్కొక్క వెంట్రుకా లాగి ముడి వెయ్యడం. నుదుటి దగ్గర చివరి వరస మిగిలింది.

వెనక గదిలో ఫ్యాను చప్పుడు. హాల్లో గంట మోగినా ఇంతదూరం వినబడదు. కిటికీలోంచి, వీధి వైపునుంచి బావగారి గొంతు గట్టిగా వినబడితే, ఇవాళ పెందలాడే వచ్చేశారేమిటి అనుకుంది.

"ఎవరు కావాలి?"

ఎవరో ఆడమనిషి ఏదో అంది.

"పేరు చెప్పండి. ఎక్కడినుంచి?"

సూదికి వెంట్రుక ఉంది. ముడి సగంలో ఉంది. వదిలేస్తే వరసంతా జారుతుంది. ఆ ఒక్క ముడి పూర్తి చేసి లేచింది. ఆ అరనిమిషాన్ని తరవాత ఎన్నోసార్లు తిట్టుకుంది.

"ముఖం సరిగ్గా కనబడటం లేదండీ. ఆ గుడ్డ తీయండి."

ఆమె పరుగెత్తింది. వంటింటి గుమ్మంలో తోటికోడలు ఎదురైతే పక్కకు నెట్టి పరుగెత్తింది. హాల్లో తెర వెలుగుతోంది. అటు చూసే తీరిక లేదు. తలుపు చేరేసరికి గడియ దానంతటదే టక్కున ఊడింది.

"సరే, లోపలికి వెళ్ళండి," అంది పెట్టెలోంచి బావగారి గొంతు, మర్యాదగా.

తలుపు తీసింది.

టీచరుగారు మెట్టు మీద నిలబడి ఉంది. తలగుడ్డ చేతిలో ఉంది. ఎండ నేరుగా ఆవిడ నున్నటి తల మీద పడుతోంది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న మనిషి ఆరేయడం ఆపి చూస్తోంది. ఇరవై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మాట వినమని నేర్పిన ఆవిడ, చెప్పగానే వింది.

"లోపలికి రండి టీచరుగారూ. రండి, ముందు లోపలికి..."

"ఎవరో తీయమన్నారు," అంది ఆవిడ. తప్పు చేసినట్టు అంది. తరవాత గుడ్డ తలమీద వేసుకోబోయింది. ముడి పడలేదు.

జడలమ్మ ముడి వెయ్యబోతే ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంకోసారి వస్తాలెండి."

గుడ్డను ఒక చేత్తో గడ్డం కింద పట్టుకుని, తల వంచుకుని, గోడ వారగా వెళ్ళిపోయింది.

* * *

"నాకేం తెలుసమ్మా, ఆవిడకి జుట్టు లేదని?" అన్నారు బావగారు, సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి చొక్కా గుండీలు విప్పుతూ.

"తెలియకపోతే అడగకూడదు."

"తెలుసుకోవడానికే కదా అడిగేది!"

తోటికోడలు టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఇంకో సాయంత్రమైతే ఆ మనిషి ఇలాంటి తగాదాలో రెండు వైపులా వాదించేది. ఇవాళ నోరు మెదపలేదు.

"ఆ బొమ్మ చెరిపెయ్యండి," అంది చిన్నకోడలు.

"ముప్ఫై రోజులైతే అదే పోతుంది."

"ఇప్పుడు చెరిపెయ్యండి. నా ఎదురుగా."

"ఇవాళ ఇది చెరుపు, రేపు అది చెరుపు అంటే ఇక అది ఉండి ఎందుకు? ఆవిడ మంచిదే అనుకో. రేపు అలాగే గుడ్డ చుట్టుకుని ఇంకోడు వస్తే? అమ్మ చెయ్యి చూశావా? ఇంకో చెయ్యి కూడా విరగాలా?"

ఇన్నాళ్ళుగా మూత పెట్టి ఉంచింది ఇప్పుడు బయటపడింది. ఆమెకు ఒక రకంగా తేలికైంది.

"ఆ మాట ఆ రోజే అనుండాల్సింది బావగారూ. తలుపు నా వల్ల తెరిచి ఉంది. ఒప్పుకుంటాను. నా తప్పుకి నన్ను తిట్టండి, పడతాను. నా దగ్గరికొచ్చినవాళ్ళని వీధిలో నిలబెట్టి గుడ్డలు విప్పించడానికి మీకేం హక్కుంది?"

"మాట జాగ్రత్త!"

మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. ఆయనకే వింతగా అనిపించిందేమో, టీ గ్లాసు తీసుకుని, తాగకుండా మళ్ళీ పెట్టేశారు.

మంచం మీదనుంచి అత్తగారు సన్నగా అంది. "దాన్ని తీయించకండ్రా. అది పెట్టాకే నేను కంటినిండా నిద్రపోతున్నాను."

"తీసెయ్యమని నేననలేదత్తయ్యా," అంది చిన్నకోడలు. అత్తగారి భయం నిజం. పగలు గాలికి తలుపు కొట్టుకున్నా ఆవిడ బాగున్న చేత్తో మెడ తడుముకోవడం తను చూస్తూనే ఉంది. "నా మనుషులు వస్తే నన్ను అడగమంటున్నాను. అంతే."

బావగారు లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చెరిపారో లేదో చెప్పలేదు.

పొద్దుగూకుతుండగా ఆమె మేడ మీద బట్టలు తీస్తుంటే భర్త వచ్చాడు. పంపుహౌసులో పని అతనిది. మోటార్ల హోరులో ఉండి ఉండి మాటలు మర్చిపోయాడని ఇంట్లో వేళాకోళం చేస్తారు. తీగ మీద తువ్వాలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"అన్నయ్య మన మంచికే కదా..." అన్నాడు.

"ఆదివారం మీరు నిచ్చెన పట్టుకున్నారు."

"పట్టుకోకపోతే ఆ మేస్త్రీ పడేవాడు."

"ఎవరు ఎక్కినా మీరు పట్టుకుంటారు. అదే నా బాధ. ఎందుకు ఎక్కుతున్నావని ఒక్కసారి కూడా అడగరు."

అతను మడత పెట్టిన తువ్వాలు విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. ఆమె బట్టల మూట భుజాన వేసుకుని దిగిపోయింది.

* * *

బుధవారం పొద్దున్న బావగారు ఆఫీసుకు వెళ్ళగానే, ఆమె వెనక గదిలోంచి బల్లను ముందుగదిలోకి ఈడ్చుకొచ్చింది.

బల్ల తరవాత అద్దం. అద్దం తరవాత కుర్చీ. ఆ తరవాత ఒక్కొక్కటిగా అయిదు గుడ్డ తలలు, వాటి మీద సగం సగం కుట్టిన జుట్లు. వీధి తలుపుకు రెండడుగుల దూరంలో, కిటికీ పక్కన అన్నీ సర్దింది.

తోటికోడలు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమిటే ఇది? చుట్టాలొస్తే గుండె ఆగి పోతారు!"

"పోరు అక్కయ్యా. అలవాటు పడతారు."

"మీ బావగారు..."

"ఆ బొత్తాం నొక్కితేనే కదా కన్ను తెరుచుకునేది? నొక్కే అవసరం ఎవరికీ రానివ్వను. ఇక్కడే కూర్చుంటాను. కిటికీలోంచి మనిషిని చూస్తాను, తలుపు నేనే తీస్తాను, వెళ్ళాక గడియ నేనే వేస్తాను. కాపలా కావాలన్నారుగా. ఇదే కాపలా."

తన దగ్గరికి రావలసినవాళ్ళందరికీ ఫోన్ చేసి, గంట జోలికి పోవద్దని, కిటికీ చువ్వ మీద వేలితో రెండుసార్లు కొడితే చాలని చెప్పింది. టీచరుగారికి మూడుసార్లు చేసింది. ఆవిడ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి అత్తగారు మంచం దిగి మెల్లగా వచ్చింది. కాసేపు గుడ్డ తలల వైపు చూసింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుని, బాగున్న చేత్తో వెంట్రుకల కట్ట అందుకుని, పొడుగువి ఒక పక్కకు, పొట్టివి ఒక పక్కకు వేరు చెయ్యడం మొదలుపెట్టింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ముందు తనే మెడ చాచి చూసేది. ఆ వచ్చినావిడ తలగుడ్డ విప్పితే తల తిప్పుకునేది.

గురువారం సాయంత్రం బావగారు వస్తూనే తెర ముందు నిలబడి అటూ ఇటూ తట్టి చూశారు. రెండు రోజులుగా ఆయన ఫోన్ మోగలేదు. ముందుగది సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్న మనిషి, మేస్త్రీకి మాత్రం ఫోన్ చేశారు.

"గంట బాగానే ఉంది సార్," అన్నాడు మేస్త్రీ అవతలినుంచి, గదంతా వినబడేలా. "నొక్కేవాళ్ళే లేనట్టుంది."

అత్తగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయన చెవిన పడింది.

"ముందుగది ముందుగదిలా ఉండాలి," అన్నారాయన, ఆ సాయంత్రం మొదటిసారిగా గుడ్డ తలల వైపు సూటిగా చూస్తూ. "రేపు మా ఆఫీసరు ఇంటికొస్తే ఎక్కడ కూర్చోబెట్టను?"

"నేను కూర్చోబెడతాను. బట్టతలైతే కొలత కూడా తీసుకుంటాను."

"పరిహాసాలొద్దు. ఆదివారానికల్లా ఇది వెనక్కి వెళ్ళాలి. లేదంటే నీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు. ఇంటికి పెద్దవాడిగా చెప్తున్నాను."

"ఆదివారం ఇంకా రాలేదు బావగారూ," అని ఆమె సూది కొక్కేనికి వెంట్రుక తగిలించుకుంది.

* * *

శనివారం ఆఫీసు ఒంటిపూట. బావగారు హాల్లో పేపరు చదువుతున్నారు. ఆమె భర్త రాత్రి డ్యూటీ చేసి వచ్చి, అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు.

గంట మోగింది.

పిట్ట కూసినట్టు ఒక కూత, ఆగి, మళ్ళీ ఒక కూత. బుధవారం నుంచి వినని చప్పుడు. జడలమ్మ కిటికీలోంచి చూసి లేచింది. ఆమె తలుపు దగ్గరికి వెళ్ళేలోపే హాల్లో తెర వెలిగింది.

తెర నిండా టీచరుగారి ముఖం. తలకు గుడ్డ లేదు. భుజం మీద కూడా లేదు. ఇంటినుంచి దారి పొడుగునా అలాగే నడిచి వచ్చింది.

"కనబడుతోందా అండీ?" అంది ఆవిడ, సరిగ్గా కంటిలోకి చూస్తూ. క్లాసులో చివరి బెంచీదాకా వినబడే గొంతు. "మంగళవారం సరిగ్గా కనబడలేదన్నారు. ఇప్పుడు బాగా చూసుకోండి."

బావగారి చేతిలో పేపరు కిందికి దిగింది.

"మీ ముఖం నాకు కనబడటం లేదండీ. ఒకసారి బయటికి రండి."

జడలమ్మ తలుపు తీసింది. టీచరుగారు లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, చేతిలో ఫోన్ చాచింది.

"ఇది చదువు తల్లీ. నా క్లాసులో ఒక పిల్లవాడి అమ్మ పంపింది. 'ఇది మీరేనా టీచర్' అని అడిగింది."

వీధి గ్రూపు. ఇంటికొకరు చొప్పున అరవై మంది ఉంటారందులో. మంగళవారం నాలుగూ అయిదు నిమిషాలకు బావగారి పేరు మీద రెండు బొమ్మలు. మొదటిదాంట్లో గుడ్డ కప్పుకున్న ముఖం. రెండోదాంట్లో ఎండలో నున్నటి తల, సగం మూసిన కళ్ళు. కింద ఒక ముక్క: 'ముఖం దాచుకుని వచ్చింది. గట్టిగా అడిగితే తీసింది. ఎవరికైనా తెలుసా? జాగ్రత్త.'

దాని కింద జవాబులు. ఎవరో తెలియదన్నారు. ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఇలాగే ఉంటారన్నారు. ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు.

జడలమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. హాల్లోకి తిరిగి చూసింది.

"చెరిపెయ్యమని అడిగాను మిమ్మల్ని. ఆ వేళకే అరవై ఇళ్ళకి పంచి వచ్చారా?"

బావగారు లేచి నిలబడ్డారు. "ముందు... గడియ తీశాక అనుమానమొచ్చి పంపాను. నీ దగ్గరికొచ్చినావిడ అని తెలిశాక తీసెయ్యాలనుకున్నాను. ఎలా తియ్యాలో తెలియలేదు. అడిగితే..."

"అడిగితే తెలిసిపోతుందని ఊరుకున్నారు."

"నేనూ చూశాను," అంది వంటింటి గుమ్మంలోంచి తోటికోడలు. అందరూ అటు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "మంగళవారమే ఆయన ఫోన్లో చూశాను. చెప్తే ఇల్లు రెండవుతుందని చెప్పలేదు. నన్ను కూడా అను. పడతాను."

జడలమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, చివరనున్న గుడ్డ తల మీదనుంచి విగ్గు తీసుకుంది. నిన్న రాత్రికి పూర్తయింది. అదే పాపిడి. చెవి దగ్గర అదే వంపు. రెండు చేతుల్లో పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"టీచరుగారూ, ఇది మీది."

ఆవిడ దాన్ని తాకి చూసింది. వేళ్ళతో పాపిడి వెంట నిమిరింది.

"ఎంత బాగా చేశావు తల్లీ! ఇదే నేను." విగ్గును మళ్ళీ ఆమె చేతుల్లోనే పెట్టింది. "సోమవారం ఇది పెట్టుకుని వెళ్ళి, వెనక ఏముందో ఎవరికీ తెలియనట్టు నిలబడాలనుకున్నాను. ఇప్పుడు పెట్టుకుంటే దాక్కున్నానంటారు. ఇది నా ఇష్టం వచ్చిన రోజు పెట్టుకుంటాను. వాళ్ళు విప్పించినందుకు కాదు, వాళ్ళు చూశారని కాదు. నాకు ముచ్చటేసిన రోజు."

"బావగారు ప్రతి ఇంటికీ వచ్చి..."

"వద్దు. నా గుండు కథ మళ్ళీ ఇంటింటికీ ఎవరూ చెప్పక్కర్లేదు. నా సంగతి నేనే చెప్పుకుంటాను. ఆ నవ్వే బొమ్మ పెట్టింది ఎదురిల్లేనట. ముందు అక్కడికే వెళ్తున్నాను." మెట్టు దిగి, ఆగింది. "ఆయన్ని రమ్మని నేను అడగను. రావాలో వద్దో ఆయనకే తెలియాలి."

జడలమ్మ విగ్గును బల్ల పక్కన కూర్చున్న అత్తగారి ఒళ్ళో పెట్టి చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నారు బావగారు. "వీధిలో అందరూ చూస్తుండగా..."

"చూడనివ్వండి. చూడటానికేగా అందరూ పెట్టెలు పెట్టించుకుంది."

ఆమె గడప దాటింది. బావగారు తెర వైపు, తలుపు వైపు, మళ్ళీ తెర వైపు చూశారు. అప్పుడు, తువ్వాలు భుజాన వేసుకుని ఇంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె భర్త ముందుకు వచ్చాడు. గుమ్మం పక్కనున్న అన్నగారి చెప్పులు తీసుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"వేసుకో అన్నయ్యా," అన్నాడు.

"నువ్వు కూడానా..."

"వేసుకో."

అతను పక్కకు జరగలేదు. అన్నగారు ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోదాని కోసం తడుముతూ ఉండిపోయారు.

ఎదురింటి గేటు దగ్గర టీచరుగారు కొంచెం ఊపిరి తీసుకుంది. జడలమ్మ ఆవిడ పక్కనే నిలబడింది. మేడ మీద ఆ వేళ బట్టలు ఆరేసిన మనిషి లేదు గానీ, కిటికీ తెర కదిలింది. గోడకు నల్లటి పెట్టె. మధ్యలో గుండ్రటి కన్ను.

టీచరుగారు వేలు చాచి బొత్తాం నొక్కింది. చాలాసేపు నొక్కి పట్టుకుంది.

"ఎవరండీ?" అంది లోపలినుంచి ఒక ఆడగొంతు.

టీచరుగారు తన ముఖం ఆ కంటికి ఇంకాస్త దగ్గరగా తెచ్చింది. వాళ్ళ వెనక, వీధిలో చెప్పుల చప్పుడు మొదలై, సగం దారిలో ఆగిపోయింది. జడలమ్మ తల తిప్పి చూడలేదు.

"ఎవరు? ఏం కావాలి?" అంది ఆ గొంతు మళ్ళీ, ఈసారి కొంచెం భయంగా.